ట్యాంకర్ నిండే అరగంట

గేటుకు ఒక కాగితం అంటించి పోయిన్రు. ఒక పక్క అరబ్బీ, ఒక పక్క ఇంగ్లీషు. తెలుగైతే చదివేటోన్ని, ఆ రెండూ నాకు రావు. చిరగకుండ మెల్లగ ఊడదీసి లోపలికి తీసుకపోయి మామాకు ఇచ్చిన. మామా అంటే నేను పనిచేసే ఇంటి పెద్దామె. ఇక్కడ ఇండ్లల్ల పనిచేసేటోళ్లం యజమానురాలిని మామా అనే పిలుస్తం. నాకంటే నాలుగైదేండ్లు పెద్దది. కండ్లద్దాలు తుడుచుకొని చదివింది. చదివి నవ్వింది.

“రఫీక్, మజారీ వచ్చింది!”

రఫీక్ అంటే దోస్తు. మా అసొంటి పనోళ్లందరినీ ఇక్కడ అట్లనే పిలుస్తరు. మజారీ అంటే మురికి నీళ్ల లైను. మా గల్లీ కింద నుంచి పెద్ద పైపు వేస్తున్నరట. ప్రతి ఇల్లు దానికి కలుపుకోవాలె. ఇంటెనుక ఉన్న సెప్టిక్ ట్యాంకు ఖాళీ చేసి ఇసుక పోసి మూసెయ్యాలె.

“ఇగ ఆ పసుపు ట్యాంకర్ మన గేటు ముంగట నిలబడది. పండుగకు చుట్టాలు వస్తే కంపు కొట్టది. అల్ హమ్దులిల్లా,” అన్నది మామా.

నేను కూడ తలకాయ ఊపిన. కానీ నా లెక్క వేరే. ట్యాంకర్ రాకపోతే దాన్ని నడిపే తమ్మి రాడు. తమ్మి రాకపోతే నా పక్కన కూసుండి నా మాటల మాట్లాడే మనిషి ఈ సీబ్ ఊర్ల నాకు ఇంకొకడు లేడు.

ఆ సంగతే రాస్తున్న. సెప్టిక్ ట్యాంకు మీద రాస్తే ఎవరు చదువుతరని మా ఇంటామె ఫోన్ల నవ్వింది. ముక్కు మూసుకొని చదవమను అన్న.

నేను ఈ అరబ్బు దేశం వచ్చింది బిల్డింగుల పనికి. మాది జగిత్యాల దిక్కు పల్లె. కాంక్రీటు మోసి మోసి నడుము పోయినంక, సైటు పని చేతకాక, ఈ ఇంట్ల తోట పనికి కుదిరిన. నిమ్మచెట్లు, రెండు ఖర్జూరాలు, ఒక మామిడి, గోడ పొంటి కాగితం పూల తీగ. తోటతోపాటు ఇంకో డ్యూటీ కూడ నాదే. ఇంటెనుక సిమెంటు మూత కింద ఉన్న గుంత ఎంత నిండిందో చూసుడు. ఇంట్ల తొమ్మిది మంది. శుక్రవారం వస్తే బిడ్డలు, అల్లుండ్లు, మనవలు. గుంత ఊకనే నిండేది. ఖర్జూర మట్ట ఒకటి చెక్కి, దానికి ఒక కాడ ఎర్ర పేలిక కట్టి పెట్టుకున్న. మూత తీసి మట్ట ముంచితే పేలిక తడిసిందంటే ట్యాంకర్‌కు ఫోన్ చెయ్యాలె. ఆలస్యం చేస్తే నీళ్లు ఎదురు తన్ని నిమ్మచెట్ల మొదట్లకు వస్తయి. పన్నెండు పదమూడు రోజులకొకసారి పేలిక తడిసేది.

తమ్మి మొదటిసారి వచ్చిన రోజు నాకు బాగ యాది ఉన్నది. పసుపు ట్యాంకర్ దిగి, లావు గొట్టం లాగుకుంట వచ్చి గుంతల దించిండు. పంపు చాలు చేసిండు. నేను తువ్వాల ముక్కుకు కట్టుకొని, దూరంగ గోడ పొంటి నిలబడ్డ. నన్ను మీదికెల్లి కిందికి చూసి, హిందీ గిందీ లేకుండ తెలుగులనే అన్నడు.

“ముక్కు మూసుకుంటున్నవు గాని అన్నా, ఈ వాసన నేను తెచ్చింది గాదు. మీ ఇంటిదే.”

“నేను తెలుగోన్నని నీకెట్ల ఎరుక?”

“ట్యాంకర్ గోడకు తాకుతుందని ‘ఆగు ఆగు, ఓరి నీ’ అన్నవు గదా. మిగిలింది మింగినవు.”

నాకు సిగ్గయింది. తువ్వాల తీసిన. ఆయనది నిజామాబాదు దిక్కు. నాకంటే ఆరేండ్లు చిన్న. అప్పటి నుంచి నేను తమ్మీ అన్న, ఆయన అన్నా అన్నడు. పేర్లతోని పని పడలే.

ట్యాంకర్ నిండుడుకు అరగంట పడుతది. పంపు మోగుతనే ఉంటది, డ్రైవర్‌కు అప్పుడు పనేమీ ఉండదు, దూరం మాత్రం పోవద్దు. నిమ్మచెట్టు కింద రంగుల డబ్బాలు రెండు బోర్లేసి కూసునేది. ఒకటి నాది, ఒకటి ఆయనది. వానలు, వడ్లు, ఆయన బిడ్డ పెండ్లి, నా పెద్దోని ఆటో. అరగంట అయిందంటే గడియారం చూడకుండనే లేచి, రెండు చేతులు తొడలకు తుడుచుకొని, పోయి పంపు బందు చేసేటోడు. పోయేటప్పుడు ఎప్పుడూ ఒకటే మాట. “పోయొస్త అన్నా.”

ఒకసారి అడిగిన, “ఇంటికాడ ఏమని చెప్పినవు, ఏం డ్యూటీ అని?”

“నీళ్ల ట్యాంకర్ అని.”

“అబద్ధం.”

“అబద్ధమెట్లయితది? దీంట్ల ముప్పావు నీళ్లే. మిగిలింది వాళ్లు అడగలే, నేను చెప్పలే.”

నవ్విన గాని, నాకు తెలుసు. మా దిక్కు ఊర్లల్ల ఈ పని ఎవరితోని చేయించిన్రో, చేసినోళ్లను ఏ మూలకు కూసుండబెట్టిన్రో నేను కండ్లతోని చూసిన. మొదటి రోజు నేను కట్టుకున్న తువ్వాల గూడ ఆ లెక్కనే. మళ్ల ఎన్నడూ కట్టుకోలే.

ఇగ అక్షరాల సంగతి. నేను బడికి పోలే. బర్లెంట పోయిన, తర్వాత కూలికి పోయిన, తర్వాత విమానమెక్కిన. కాగితాల మీద ఏలిముద్ర. మా ఇంటామె గూడ బడికి పోలే గాని, బీడీలు చుట్టుకుంటనే మహిళా సంఘంల చేరి, సంతకం నేర్చుకొని, అక్కడితోని ఆగకుండ చదువుడు రాసుడు అంత నేర్చుకున్నది. ఫోన్ల ఎక్కిరించేది. “నేను సంతకం పెడుతున్న, నువ్వింక బొటన ఏలు నల్లగనే చేసుకుంటున్నవా?” అని. ఒకరోజు ఫోన్‌కు మెసేజి పంపింది, తెలుగు అక్షరాలల్ల. నాకు అది చీమల బారు లెక్క కనబడ్డది. బజార్ల కిరాణం దుకాణంల మన దిక్కు పోరడు ఒకడు ఉంటడు, వాని దగ్గరికి పోయి చూపించిన. వాడు కౌంటర్ కాడ నిలబడ్డోళ్లందరికి వినబడేటట్టు చదివిండు.

“మోకాలు నొస్తున్నది. పోయినసారి నువ్వు ఇడిసిన అంగీ ఇంక ఉతకలే. తలాపున పెట్టుకుంటున్న.”

దుకాణం దుకాణమంత నవ్వింది. “కాకా, అంగీ తలాపున అంట! ఇంకో అంగీ పార్సిల్ చేస్తవా?” అన్నడు ఒకడు. నేను ఉప్పు కొనుడు మరిచి వచ్చిన. కోపం ఆ పోరని మీద గాదు, నా మీద. ఆమె నా ఒక్కనికి చెప్పిన మాటను నేనే సంతల పెట్టిన.

ఆ రోజే ట్యాంకర్ వచ్చింది. “మొఖం గట్ల పెట్టినవేంది?” అన్నడు తమ్మి. చెప్పిన. నవ్వలే. ఏడో తరగతి దాక చదివినోడు ఆయన. లేచి, చేతులు కడుక్కునే బకీట్ల వేలు ముంచి, ట్యాంకర్ కాడికి పోయిండు. ఈ దేశం దుమ్ము మీకు ఎరుక లేదు. పొద్దున కడిగిన బండి పగటీలికి పిండి చల్లినట్టయితది. ఆ దుమ్ముల తడి వేలుతోని ఒక అక్షరం దిద్దిండు.

“గిది అ. దీని పక్కన నువ్వు రాయి.”

“ఇప్పుడా? ఈ కంపులనా? సరస్వతి ఉరికిపోతది తమ్మీ.”

“ఆమె ఉరికితే నేను పట్టుకొస్త. రాయి.”

రాసిన. సిమెంటు తిని బిరుసెక్కిన వేలు ఎటు తిప్పితే అటు తిరగలే.

“అన్నా, అది అ గాదు. పడుకున్న బర్రె.”

మళ్ల రాసిన. అది లేచి నిలబడ్డ బర్రె అన్నడు. మూడోసారి రాస్తుంటే పంపు గొంతు మారింది, ట్యాంకర్ నిండింది. “పోయొస్త అన్నా” అని ఎక్కిండు. పసుపు ట్యాంకర్ పక్కకు ఆయన అక్షరం ఒకటి, నా బర్రెలు మూడు సీబ్ బజారు నడుమకెల్లి పోయినయి. మూల తిరిగేదాక చూసిన. అప్పటిదాక ఈ ఊర్ల నావంటూ కనబడేటియి ఏమీ లేవు.

అప్పటి నుంచి ఒక్కో అరగంట ఒక్కో పాఠం. ఆయన పోయినంక పన్నెండు రోజులు నేను దిద్దుకోవాలె. పలక ఎక్కడిది? చెట్లకు నీళ్లు పోసే పైపు సన్నగ వదిలి, గేటు కాడి సిమెంటు మీద రాసేది. ఆ ఎండకు రెండో అక్షరం రాసేలోపట మొదటిది ఆరిపోయేది. ఒకరోజు మామా మెట్ల మీద నిలబడి చాలాసేపు చూసింది. పిచ్చి లేసిందనుకున్నదో ఏమో.

“ఏంది రఫీక్ అది?”

“చదువు మామా.”

ఎక్కిరిస్తదనుకున్న. దిగి వచ్చి, ఆరుతున్న అక్షరం పక్కన నిలబడ్డది. “నేను గూడ మూడో బిడ్డ పుట్టినంకనే నేర్చుకున్న. బిడ్డను ఒళ్లె పెట్టుకొని,” అన్నది. ఆ తర్వాతి సారి ట్యాంకర్ వచ్చినప్పుడు తట్టల ఖర్జూరాలు, ఖహ్వా అనే అరబ్బు కాఫీ కూజా తెచ్చి మా ముంగట పెట్టి పోయింది. గుంత ఖాళీ చేసేటోనికి ఇంట్ల కప్పుల ఖహ్వా పోసిన ఇల్లు ఆ గల్లీల ఇంకోటి లేదని తమ్మి అన్నడు. ఇక్కడ ఒక పద్ధతి ఉన్నది. చిన్న కప్పు తాగినంక వేళ్ల నడుమ అటు ఇటు ఊపితే చాలని అర్థం. ఊపకపోతే పోస్తనే ఉంటరు. తమ్మి ఎప్పుడూ రెండో కప్పుకే ఊపేటోడు. పంపు మీద ఒక చెవు ఉండాలె గదా.

అక్షరాలు అయినయి, గుణింతాలు అయినయి, వత్తులకు చాన రోజులు పట్టింది. ఒకరోజు నా రూమ్‌ల కూసుండి, ఆ పాత మెసేజి నేనే చదివిన. వేలు పెట్టి, ఒక్కో మాట కూడబలుక్కుంట. మూడు ముక్కలు చదువుడుకు ఎంతసేపు పట్టిందో చెప్పను. తర్వాత జవాబు రాసిన. “అంగీ ఉతుకు. ఈసారి వస్తే కొత్తది ఇడుస్త.” పోయిన కాసేపటికే ఫోన్ చేసింది. ఏడ్చింది. తర్వాత, ఎవరితోని రాయించినవు అని తిట్టింది.

చదువు అయిపోయినంక గూడ అరగంటలు ఆగలే. అవి మాయే అయినయి.

ఇట్లున్నప్పుడు వచ్చింది ఆ కాగితం.

తమ్మికి చెప్తే, “నాకెప్పుడో ఎరుక,” అన్నడు. లైను పడ్డ గల్లీ గల్లీకి వాళ్ల కంపెనీల ట్యాంకర్లు తగ్గుతున్నయట. ముసలోళ్లను ముందు ఇంటికి పంపుతరట, లేకుంటే ఎక్కడికో దూరం మారుస్తరట. ఆయన ఉండే క్యాంపు ఊరవతల ఎక్కడో. నేను చూడలే. నాకు బజారు దాటి పోయే డ్యూటీ గాదు, ఆయనకు శుక్రవారం గూడ సెలవు లేదు.

ఫోన్ ఉన్నది గదా అంటరు. ఫోన్ల మాకు మాట్లాడరాదు. ఏం చేస్తున్నవు అంటే ఏం లేదు, తిన్నవా అంటే తిన్న, అక్కడికి మాటలు అయిపోతయి. పక్కన కూసుంటే మాట్లాడకున్నా నడుస్తది. ఫోన్ల మాట్లాడకపోతే లైను కట్టయిందనుకుంటరు.

రోడ్డు తవ్వుడు మొదలయింది. పెద్ద పెద్ద పైపులు, దుమ్ము, జేసీబీ. మా గేటు ముంగట ఒక చిన్న మ్యాన్‌హోల్ కట్టిన్రు. సూపర్‌వైజర్ వచ్చి ఇంటి పైపు ఎటు నుంచి తీయాలెనో సుద్దతోని గీత గీసి పోయిండు. ఆ తెల్ల గీత నాకు కండ్లల్ల గుచ్చినట్టుండేది. అప్పుడు నేనొక తప్పుడు పని చేసిన. పొద్దుగూకే ముందు చెట్లకు నీళ్లు పోసే పైపు తీసుకపోయి, గుంత మూత ఎత్తి, దాంట్ల పెట్టి నల్లా ఇప్పిన. గుంత జల్ది నిండితే తమ్మి జల్ది వస్తడు. అంతే. ఎడారి దేశంల, మంచి నీళ్లు తీసుకపోయి గుంతల పోసిన. అయిదు రోజులకే పేలిక తడిసింది. ఫోన్ చేసిన.

తమ్మి వచ్చిండు. మూత తీసిండు. ఒకసారి ముక్కు ఎగపీల్చి నా దిక్కు చూసిండు.

“ఏం బోసినవ్ అన్నా దీంట్ల?”

“ఏం పోస్తరు? అందరు పోసేదే.”

“ఇన్నేండ్ల సంది పీలుస్తున్న. నాకు చెప్తున్నవా? ఇది నల్లా నీళ్లు.”

“పైపు లీకు ఉన్నదేమో.”

“లీకు ఉంటే చెట్లకు పెట్టే పైపు మూతికి ఆ మురికెట్ల అంటింది?”

నేను నేల చూసిన. పైపు కడుగుడు మరిచిన. తమ్మి పంపు చాలు చేసి వచ్చి డబ్బా మీద కూసున్నడు.

“మళ్ల గిట్ల చెయ్యకు. మామాకు తెలిస్తే నీ డ్యూటీ గూడ పోతది. ఇద్దరం ఒక్క విమానంల పోవాలె.”

“పోదాం. కిటికీ సీటు నాది.”

“నీకెందుకు కిటికీ? కండ్లు మూసుకొని పంటవు.”

నవ్వుకున్నం. కానీ ఆ రోజు ఖహ్వా రెండో కప్పు గూడ తాగలే ఆయన.

నాకు నిమ్మళం లేదు. మరునాడు పోయి మామాకు నేనే చెప్పిన. ఏం చేసిన్నో, ఎందుకు చేసిన్నో. మామా గట్టిగ తిట్టింది. తన చిన్నప్పుడు నీళ్లకు ఎంత దూరం నడిచిందో చెప్పి తిట్టింది. నేను తల వంచుకొని నిలబడ్డ. తిట్టుడు అయిపోయినంక, గొంతు తగ్గించి అడిగింది.

“అతన్ని రమ్మనొచ్చు గదా?”

“గుంత మూసినంక ఎట్ల వస్తడు మామా?”

“గుంతను గాదు, నిన్ను అడుగుతున్న. నువ్వు ఎన్నడన్న రమ్మన్నవా?”

ఇన్నేండ్లల్ల ఒక్కసారి గూడ అనలే. ఎప్పుడు ఫోన్ చేసినా, “గుంత నిండింది, రా” అన్నదే. గుంత నిండకున్నా రా అని నోట రాలే. మగోళ్లం, ముసలోళ్లం, ఎట్ల అంటం? మా ఇంటామెకు గూడ కడుపుల మాట ఎన్నడు చెప్పినోన్ని గాదు. అంగీ ఉతుకు అన్న, అంతే.

ఇంటి పైపు లైనుకు కలిపిన్రు. మొదటిసారి లెట్రిన్ల నీళ్లు పోస్తే సప్పుడు లేకుండ పోయి రోడ్డు కింద కలిసినయి. మామా మనవలు మ్యాన్‌హోల్ చుట్టు నిలబడి చప్పట్లు కొట్టిన్రు. ఇగ పాత గుంతను అడుగుదాక తోడి శుభ్రం చెయ్యాలె. దానికి తమ్మి ఆఖరుసారి వచ్చిండు.

అడుగున బురద మందం కదా, అరగంట కాదు, ఇంకా ఎక్కువనే పట్టింది. ఇద్దరం డబ్బాల మీద కూసున్నం. అడగాలె, రమ్మనాలె అని పొద్దటి నుంచి మనసుల తిప్పుకుంటున్న. ఆయనేమో నిమ్మచెట్టుకు పురుగు పట్టిందని, మందు కొట్టుమని చెప్తున్నడు. ఆయన కంపెనీ ఏమన్నది అని అడిగిన. “ఇంక చెప్పలే,” అన్నడు. నేను రమ్మనుడు ఇడిసి, పురుగు మందు ఎంత కలపాలెనో అడిగిన. పంపు గొంతు మారింది. ఆయన లేచి, చేతులు తొడలకు తుడుచుకొని, బందు చేసి, గొట్టం చుట్టుడు మొదలుపెట్టిండు. ఆయన ట్యాంకర్ ఎనుక ఉన్నడు, నేను పక్కకు ఉన్న. బకీటు నా కాళ్ల కాడనే ఉన్నది.

వేలు ముంచిన. దుమ్ముల రాసిన. చెయ్యి అంత పెద్ద అక్షరాలు.

శుక్రారం రా. చాయ్ తాగుదం.

అప్పుడే గొట్టం ఎత్తిపెట్టి ఆయన అవతలి పక్క నుంచి పోయి ఎక్కిండు. నేను రాసిన పక్కకు రాలే. నేను నోరు తెరిచి చూపెట్టొచ్చు. చూపెట్టలే. కిటికీల నుంచి చెయ్యి ఊపి అన్నడు.

“పోత అన్నా.”

ఎప్పుడూ పోయొస్త అనేటోడు ఆ రోజు పోత అన్నడు. ట్యాంకర్ మూల తిరుగుతుంటే ఎండ పడి నా అక్షరాలు ఒక్కసారి మెరిసినయి. అంతే, పోయింది.

రెండు రోజులకు గుంతల సున్నం చల్లి, లారీ ఇసుక తెచ్చి పోసి, మీద సిమెంటు వేసిన్రు. మామా అక్కడ పూల కుండీలు పెట్టుమన్నది. పెట్టిన. డబ్బాలు రెండు మాత్రం జరపలే. ఎర్ర పేలిక మట్ట గూడ పారెయ్యలే. ఎందుకంటే చెప్పరాదు.

మొదటి శుక్రవారం పొద్దుగాలనే తానం చేసి, ఉతికిన అంగీ తొడుక్కొని, పాలు తెచ్చిపెట్టుకున్న. రాలే. రెండో శుక్రవారం గూడ రాలే. ఫోన్ చేస్తే స్విచాఫ్. పంపించేసిన్రు అనుకున్న. పంపినా చెప్పి పోడా అని ఒకసారి కోపం, రాసింది చూడలేదేమో అని ఇంకోసారి. ఏ కడుగుడుకు ఆ మాట కొట్టుకపోయిందో. మామా ఖహ్వా కూజా రెండుసార్లు బయటికి వచ్చి, రెండుసార్లు చల్లారి లోపలికి పోయింది.

మూడో శుక్రవారం నేను తానం గూడ చెయ్యలే. పాత అంగీ మీద, మోకాళ్ల దాక మట్టితోని నిమ్మచెట్టు పాదు తీస్తున్న. గేటు కాడ పికప్ ఒకటి ఆగి, ఒక మనిషిని దించి పోయింది. తెల్ల అంగీ, తలకు నూనె, పాపిట తీసి దువ్వుకున్నడు. చేతుల పండ్ల కవరు. మామా చుట్టాల తాలూకు ఎవరో అనుకొని హిందీల అడిగిన, “ఎవరు గావాలె?”

“చాయ్ గావాలె,” అన్నడు.

ట్యాంకర్ లేకుండ నేను ఆయన్ను ఎన్నడూ చూడలే. సబ్బు వాసన వస్తున్నది. నా చేతుల పార అట్లనే ఉండిపోయింది.

“పిలిచి తానం గూడ చెయ్యలే. ఇదేం మర్యాద?” అన్నడు.

“రెండు వారాలు చేసిన. నువ్వు రాలే.”

“ఫోన్ నీళ్లల్ల పడ్డది. ఇయ్యాల్నే సెలవు దొరికింది.”

డబ్బాల మీద కూసున్నం. అప్పుడు చెప్పిండు. ఆ రోజు ట్యాంకర్ తీసుకొని మురికి నీళ్లు దింపే కాడికి పోయిండట. అక్కడ ట్యాంకర్లు బారు కట్టి నిలబడుతయి, గంట, రెండు గంటలు. ఎనుక ట్యాంకర్ల ఉన్నోడు కరీంనగర్ దిక్కోడు. హారన్ మీద హారన్ కొడుతున్నడట.

“దిగి పోయి ఏందిరా అంటే, ‘నీకు ఉత్తరం వచ్చింది చూసుకో’ అన్నడు. లైన్ల ఉన్న మనోళ్లు నలుగురు దిగి చదివిన్రు అన్నా. గట్టిగ, అందరికి వినబడేటట్టు. ఒకడైతే, చాయ్ ఎక్కడ, మేము గూడ వస్తమన్నడు.”

నాకు కిరాణం దుకాణం యాదికొచ్చింది. కానీ ఈసారి సిగ్గు కాలే.

“రాత మాత్రం ఇంక బర్రె లెక్కనే ఉన్నది,” అన్నడు. కొత్త ఫోన్ తీసి చూపెట్టిండు. ఎనుక ట్యాంకరోడు తీసిన ఫోటో, మళ్ల పంపించుకున్నడట. పసుపు మీద దుమ్ము, దుమ్ముల నా అక్షరాలు. ఆ తర్వాత బండి కడిగే కాడ ఆ ఒక్క పక్క వారం దాక కడగనియ్యలేదట. నేను ఫోటో దిక్కు చూసిన గాని ఆయన దిక్కు చూడలే.

“ఇంటికి పంపుతలేరా మరి?”

“వచ్చే ఎండకాలం దాక ఉంచుతమన్నరు. తర్వాత ఏందో తెల్వదు. బర్కా ఊరవతల వేసిన్రు. రోడ్ల పొంటి చెట్లకు నీళ్లు పోసే ట్యాంకర్.” తనకు తనే నవ్విండు. “నిజంగనే నీళ్ల ట్యాంకర్. ఇంటికి ఫోన్ చేసి చెప్పుదామంటే, వాళ్లకు కొత్తేమున్నది?”

నేను చాయ్ పెట్టిన. చాయ్ అయినంక మామా తనే వచ్చి ఖహ్వా పోసింది. తెల్ల అంగీ చూసి, “మాషా అల్లా, ఎవరీ పెండ్లికొడుకు?” అన్నది. తమ్మి రెండు కప్పులు తాగిండు. ఇంకో కప్పు పోస్తే అది గూడ తాగిండు. నిమ్మచెట్టు చూసి, మందు కొట్టలేదని తిట్టిండు. ఇద్దరి ఇండ్ల ముచ్చట్లు అయినయి.

ఉన్నట్టుండి లేచిండు. రెండు చేతులు తొడలకు తుడుచుకొని, గేటు దిక్కు చూసి, అట్లనే నిలబడ్డడు.

“ఏంది?” అన్న.

“ఏం లేదు. టైం అయినట్టుంటే…”

“ఏం టైం? ఏం నిండుతలేదు ఇక్కడ. కూసో.”

పూల కుండీల దిక్కు చూసిండు. నా దిక్కు చూసిండు. కూసున్నడు. మామా మళ్ల కప్పు నింపింది. ఆయన తాగిండు, కప్పు ఊపలే.